ముందు నిలబడాల్సిన మనిషి

పోయిన వారం మౌలాను ఆయన కొట్టు గుమ్మంలో వదిలేసి వచ్చాం. చేతిలో నైలాన్ తాడు చుట్ట, చెవిలో అప్పుడే పడ్డ కబురు: అక్బర్ పోయాడు. బోగోలులో ఒకే వీధిలో పుట్టి, పక్కపక్కనే కొట్లు పెట్టుకుని, ఒకే రేవు జాలర్లకు వలలూ తాళ్ళూ అమ్ముతూ ముసలివాళ్ళయిన స్నేహితులు వాళ్ళిద్దరూ. మంచాన పడ్డాక అక్బర్ ఆయన చెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగాడు. తన జనాజా నమాజు, శవం ముందు చదివే ఆ చివరి నమాజు, మౌలాయే ముందు నిలబడి చదివించాలన్నాడు. మౌలా సరేనని తలూపాడు.

చిక్కంతా ఆ తలూపడంలోనే ఉంది. వీధి చివర చిన్న మసీదులో జీతం భత్యం లేకుండా ఏళ్ళ తరబడి నమాజు చదివించిన మౌలా, రెండు నెలలుగా ముందు నిలబడటం మానేశాడు. ఒక శుక్రవారం వచ్చి చివరి వరుసలో, చెప్పులు విడిచే చోటికి దగ్గరగా నిలబడ్డాడు. మళ్ళీ ముందుకు రాలేదు. కారణం ఆయన చెప్పలేదు, చెప్పకపోయినా వీధి కనిపెట్టేసింది. అంతకు ముందు వారమే అక్బర్ కొడుకు మునీర్, మసీదు కమిటీ మీటింగులో, మౌలా మామకు పెద్దతనం వచ్చింది, కావలి నుంచి చదువుకున్న ఇమామ్‌ను పిలిపిద్దామా అని ఒక మాట అన్నాడు. ఇంకేముంది, మునీర్ నోటి దురుసు వల్లే పెద్దాయన మనసు విరిగిందని అందరూ తీర్మానించేశారు. అసలు సంగతి మౌలాకూ ఆయన లుంగీకీ తప్ప మూడో ప్రాణికి తెలియదు.

ఇప్పుడు మధ్యాహ్నం. అక్బర్ ఇంట్లో శవానికి స్నానం చేయించి కఫన్ గుడ్డ చుట్టే పని జరుగుతోంది. సాయంత్రం అసర్ నమాజు కాగానే మసీదు పక్క మైదానంలో జనాజా. మౌలా తన ఇంట్లో ఒక చోట నిలవలేకపోతున్నాడు. కుర్చీలో కూర్చుంటాడు, లేస్తాడు. వాకిట్లోకి పోతాడు, సముద్రం గాలి మొహానికి కొట్టగానే వెనక్కి వస్తాడు. పెరట్లో తడిక తలుపు తోసుకుని లోపలికి పోతాడు, ఎంతసేపటికీ బయటికి రాడు. వచ్చినప్పుడు మొహం ఇంకా నల్లబడి ఉంటుంది.

ఆయన బాధ ఏమిటో మనం ఇక దాచుకోనక్కర్లేదు. కొంతకాలంగా మౌలాకు ఒంటేలు సరిగ్గా రావడం లేదు. తొందర మాత్రం ఉంటుంది. పరుగెత్తి నిలబడితే సన్నగా, ఆగి ఆగి, బతిమాలించుకుని వస్తుంది. కావలి నుంచి నెల్లూరు దాకా ఏ హోటల్ వెనక మరుగుదొడ్డి ఉందో, ఏ పెట్రోల్ బంకులో తాళం వేసి ఉంచుతారో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. పెళ్ళికి పోతే పెళ్ళికొడుకు కన్నా ముందు దొడ్డి ఎటో చూసుకుంటాడు. నీళ్ళు తాగడం తగ్గించాడు, చాయ్ మానేశాడు. ఇవన్నీ ఎలాగో ఓర్చుకున్నాడు. ఓర్చుకోలేనిది ఒకటే. అంతా అయిపోయిందనుకుని, కడుక్కుని, చేతులూ మొహమూ కాళ్ళూ శుద్ధిగా కడిగే వజూ చేసుకుని నమాజుకు నిలబడ్డాక ఒక చుక్క దిగుతుంది.

ఆ ఒక్క చుక్కతో వజూ చెడుతుంది. అలా ఆగకుండా చుక్కలు పడే రోగం ఉన్నవాడు తన నమాజు తాను చదువుకోవచ్చు, దేవుడు దయగలవాడు. కానీ రోగం లేనివాళ్ళకు ముందు నిలబడి చదివించకూడదు. ఈ మసలా, ఈ మత నియమం, పిల్లలకు నేర్పింది మౌలాయే. మరి తనకది ఆగని రోగమా, అప్పుడప్పుడూ పడే చుక్కా అని ఆయన తేల్చుకోలేకపోయాడు. ఎవర్నైనా అడిగితే తేలేది. అడగాలంటే నోరు విప్పాలి. అందుకని చెప్పుల దగ్గరికి జరిగిపోయాడు.

అయితే పోయిన నెలలో ఒక విచిత్రం జరిగింది. జలుబు చేసి మందుల షాపులో బిళ్ళలు తెచ్చి రెండు రోజులు వేసుకున్నాడు. ముక్కు ఎండిపోయింది, దాంతో పాటు కింద చుక్క కూడా ఆగిపోయింది. ఒంటేలు రావడం ఇంకా కష్టమైన మాట నిజమేగానీ, ఆ రెండు రోజులూ లుంగీ పొడిగా ఉంది. మౌలా దాన్ని దేవుడు చూపిన దారి అనుకున్నాడు. పొద్దున అక్బర్ కబురు వినగానే ఆయన చేసిన మొదటి పని ఏడవడం కాదు, మందుల షాపుకు పోయి ఆ బిళ్ళల అట్ట తెచ్చుకోవడం. ఒకటి అప్పుడే మింగాడు. కాసేపాగి ఇంకొకటి మింగాడు.

తడిక తలుపు వేసి వస్తుంటే వాకిట్లో మునీర్ నిలబడి ఉన్నాడు. నలభై దాటిన మనిషి, పొద్దుటి నుంచి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి. చొక్కా మోచేతుల దాకా తడిసి ఉంది. తండ్రి స్నానానికి నీళ్ళు తనే పోసినట్టున్నాడు.

"మామా, అంతా అయిపోయింది. అసర్ కాగానే తీసుకొస్తాము. నువ్వు వస్తుండావు గదా?"

"వస్తా. రాకుండా యాడికి పోతా."

"రావడం గాదు మామా. ముందు నిలబడతావా లేదా అని అడుగుతుండా."

మౌలా పొత్తికడుపు మీద చెయ్యి పెట్టుకుని కుర్చీ వీపు పట్టుకున్నాడు. లోపల ఏదో రాయి కూరినట్టు బిగుసుకుంది. "కొడుకువి నువ్వుండావు," అన్నాడు. "హక్కు నీదే. నాలుగుసార్లు అల్లాహు అక్బర్ అని తక్బీర్ చెప్పి, నిలబడి చదివేదే గదా. నేనే నేర్పినా నీకు."

"నాకు నోరు పెగల్దు మామా." మునీర్ తడి చేత్తో మొహం తుడుచుకుని మళ్ళీ అందుకున్నాడు. "నాయన నాతో మాట్లాడకుండానే పోయినాడు. నేను పక్కన కూసుంటే గోడ దిక్కుకు తిరిగేవాడు. నా స్నేహితుణ్ణి నలుగురిలో చిన్న చేసినావు గదరా అన్నాడు ఒకసారి. అదే కడాపటి మాట. నేను అన్నది ఏంది మామా? పెద్దతనం వచ్చింది, ఇంక సుఖపడనీండి అన్నా. నీకు కోపమొస్తే నన్ను చెంప పగలగొట్టుండొచ్చు గదా. నాయన పోయేలోగా ఒక్క మాట చెప్పుండొచ్చు గదా."

వీధి ఏమనుకుంటోందో మౌలాకు తెలుసు. అనుకోనీ, అసలు సంగతి బయటపడటం కన్నా అదే నయం అని ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడం పక్కింట్లో చావబోయే తండ్రి మొహాన్ని గోడ వైపు తిప్పిందని మాత్రం ఈ క్షణం దాకా తెలియదు. తన మీద తనకు అంత అసహ్యం ఆయనకు ఎప్పుడూ కలగలేదు.

"నీ తప్పేం లేదురా," అన్నాడు.

"మరెవరిది?"

సమాధానం నోటి దాకా వచ్చింది. మునీర్ తడి కళ్ళతో ఎదురుగా నిలబడి చూస్తున్నాడు. ఇన్నేళ్ళ పెద్దరికం ఆ మాటను గొంతులోనే నొక్కిపెట్టింది. "నేనే చదివిస్తా," అన్నాడు మౌలా. "మీ నాయనకు మాటిచ్చినా. పో, పని చూసుకో."

మునీర్ అడిగింది అది కాదు. అయినా తలూపి వెళ్ళిపోయాడు. మౌలా లోపలికి వచ్చి, అట్టలోంచి ఇంకో బిళ్ళ చించి, నీళ్ళు తాగడం ఇష్టం లేక ఉత్తగానే మింగేశాడు.

ఆ మింగుతుండగానే కౌసర్ గుమ్మంలో చెప్పులు విప్పింది. మౌలాకు ఒక్కతే కూతురు. నెల్లూరులో ఒక కాలేజీ ల్యాబులో రీసెర్చి చేస్తోంది, అక్బర్ మామ పోయాడని వినగానే రైలెక్కి వచ్చింది. ఏం రీసెర్చి అని ఎవరైనా అడిగితే మౌలా రక్తం మీద ఏదో అని చెప్పి మాట మార్చేస్తాడు. అసలు అదేమిటో ఆయనకు తెలుసు. ఒకసారి కూతురు తల్లికి చెబుతుంటే గోడ చాటు నుంచి విన్నాడు. మగవాళ్ళకు వయసు మీద పడ్డాక మూత్రసంచి కింద ఉండే ప్రొస్టేట్ గ్రంథి పెరిగి దారి మూసేస్తుంది. ఆ గ్రంథిని పెంచే ప్రోటీన్లను కౌసర్ వెతుకుతోంది. ఆ రోజు నుంచి కూతురు ఇంటికి వస్తే మౌలా కొట్టులోనే ఎక్కువసేపు ఉంటున్నాడు.

"నాయనా, ఏందా బిళ్ళ?"

"జలుబు."

కౌసర్ అట్ట తీసుకుని వెనక్కి తిప్పి చదివింది. తండ్రి వైపు చూసింది. నుదుటి మీద చెమట, కూర్చోలేక కుర్చీ అంచున ఆనుకున్న నడుము, పొట్ట మీంచి తీయని చెయ్యి.

"జలుబు చేసిన గొంతు ఇట్టుండదు. ఎన్ని మింగినావు?"

"ఏదో ఒకటి రెండు."

"ఒంటేలుకు పోయి ఎంతసేపయింది?"

మౌలా మొహం ఎర్రబడింది. "ఆడపిల్లవి, తండ్రిని అడిగే మాటేనా అది? చావుకని వచ్చినావు, పొయ్యి అక్బర్ ఇంట్లో మీ అత్త దగ్గర కూసో."

"పొద్దున్నుంచి పోలేదా?"

"గమ్మునుండు కౌసర్."

అంతసేపూ వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్న ఆయన భార్య జమాల్‌బీ అప్పుడు ముందుకు వచ్చింది. "పొద్దున్నుంచి దొడ్లోకి తిరగతానే ఉండాడు, ఏమీ కాలేదు," అంది. "ఇంకోటి గూడా చెప్తా ఇను. మూడు నెలల నుంచి లుంగీలు తనే ఉతుక్కుంటుండాడు. పెళ్ళయిన కాడ్నించి తాగిన గ్లాసు కడగని మనిషి. పెద్దోడవతా ఉండాడు, నా మీద జాలి పుట్టింది కాబోలు అనుకున్నా. నా ఎర్రితనం."

మౌలా భార్యను చూశాడు, కూతుర్ని చూశాడు. తిడదామనుకున్నాడు. కడుపులో నొప్పి మెలితిప్పింది, తిట్టు కాస్తా మూలుగైంది. ఇక దాచడానికి ఓపిక లేకపోయింది. కళ్ళు నేల మీద పెట్టి, కూతురి మొహం చూడకుండా, చుక్క సంగతి చెప్పాడు. చివరి వరుస సంగతి చెప్పాడు. బిళ్ళల సంగతి చెప్పాడు. జమాల్‌బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కౌసర్ ఆయన ముందు నేల మీద కూర్చుంది. "చుక్క ఆగింది నిజమే నాయనా. ఎట్ట ఆగిందో తెలుసా? ఈ బిళ్ళ ముక్కులో రక్తనాళాల్ని బిగిస్తాది, అందుకే ముక్కు ఎండతాది. మూత్రసంచి మూతి కాడ కండరాన్ని గూడా అట్టనే బిగిస్తాది. ముందే ఆ దారి ఇరుకైపోయుండాది నీకు. ఈ బిళ్ళలు దాన్ని మొత్తానికే మూసేసినాయి. లోపల నిండతా ఉండాది, పోవడానికి దారి లేదు."

"మంచిదే గదా. పొడిగా ఉండా."

"మంచిది గాదు. ఇప్పుడే కావలి పోవాల. ఆసుపత్రిలో సన్నటి గొట్టం వేసి తీసేస్తారు, వెంటనే నొప్పి తగ్గతాది. ఆలస్యమయితే కిడ్నీల దాకా పోతాది."

"నమాజు అయినాక."

"నాయనా."

"నమాజు అయినాక అని చెప్పినా గదా."

ఆ గొంతు జమాల్‌బీకి తెలుసు. ఆమె మారు మాట్లాడకుండా ఫోన్ తీసుకుని పక్క సందులో ఆటో నడిపే జకరయ్యకు చేసింది. మైదానం గేటు దగ్గర ఆటో పెట్టుకుని ఉండమంది. ఎవరికని అడిగినట్టున్నాడు, ఎవరికైతే నీకెందుకు అని పెట్టేసింది.

మౌలా ఉన్నట్టుండి అడిగాడు. "అది క్యాన్సరా?"

"చూపించుకున్నాక గానీ ఖాయంగా చెప్పకూడదు. శానామందికి అది గాదు. వయసుతో వచ్చే పెరుగుదల, అంతే."

"ఎందుకు పెరగతాది? నేనేం చేసినానని?" మౌలా గొంతు తగ్గించాడు. "నా గొంతు బాగుందని నలుగురూ అంటుంటే మురిసినా. రంజాన్ నెలలో బయటూరోళ్ళు వచ్చి వెనక నిలబడితే ఇంకొంచెం లాగి చదివినా. దేవుడు చూడకుండా ఉంటాడా. ముందు నిలబడే చోటు మీదే కొట్టినాడు."

కౌసర్‌కు ఏడుపు వచ్చింది. ఎన్నో చోట్ల, ఎంతోమంది ముందు మాట్లాడిన పాఠమే, తండ్రికి చెప్పాల్సి వచ్చేసరికి ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు.

"శిక్ష గాదు నాయనా. విను. ఆ గ్రంథిలో రెండు రకాల కణాలు ఉంటాయి. గొట్టాల లోపల పొరగా ఉండేవి ఒకటి, వాటి చుట్టూ ఊతంగా ఉండేవి ఇంకోటి. చుట్టూ ఉండేవి చిన్న చిన్న ప్రోటీన్లు వదులుతాయి. గ్రోత్ ఫ్యాక్టర్లంటాము. అవి పోయి పక్క కణానికి తగులుకుంటే ఆ కణం పెరగతాది, ఒకటి రెండవతాది. పడుచుతనంలో ఎంత కావాలో అంత పెరిగి ఆగిపోతాది. ఎందుకంటే ఇంక చాలు అని ఆపే ప్రోటీన్లు గూడా అక్కడే ఉంటాయి. పెరగమనేదీ ఆగమనేదీ సమానంగా ఉన్నంత కాలం మనకు ఆ గ్రంథి ఉందనే తెలీదు."

"మరిప్పుడు?"

"వయసు మళ్ళినాక ఆ లెక్క తప్పతాది. మగ హార్మోను ఆ గ్రంథిలో ఇంకా బలమైన రూపానికి మారతాది. దాని వల్ల పెరగమనే ప్రోటీన్లు ఎక్కువ వస్తాయి. ఇంకో చిత్రం ఏందంటే, ఆపమనే ప్రోటీన్ ఒకటుండాది, అది లోపలి పొరను ఆపతాది గానీ చుట్టూ ఉండే కణాల్ని ఎగదోస్తాది. ఆగాల్సింది ఆగదు, పెరగాల్సిన పని లేనిది పెరగతాది. బయటి నుంచి ఎవురూ రారు. పాపమూ గాదు, గర్వమూ గాదు. నీ ఒంట్లోవే, పక్కపక్క కణాలు."

మౌలా విన్నాడు. అంతా అర్థమైందని చెప్పలేం. పక్కపక్కవి అన్న మాట దగ్గర ఆయన చూపు గోడ అవతలికి, అక్బర్ ఇంటి వైపు పోయింది.

"ముందుగా ఏది లెక్క తప్పతాది?"

"అదే నేను వెతుకుతుండా. ఇంకా దొరకలేదు." కౌసర్ కళ్ళు తుడుచుకుంది. "రోజూ ఆపరేషన్లలో తీసిన ముక్కలు నా బల్ల మీదికి వస్తాయి. పేర్లుండవు, నంబర్లే. ఎవరో ఒకరి నాయన అని అనుకుంటా గానీ, మా నాయన అని ఎప్పుడూ అనుకోలేదు. నువ్వు చాయ్ మానేస్తే పొదుపు అనుకున్నా. ఆ పని చేసేదాన్ని, నాకు తెలియొద్దా? ఒక్కసారి చెప్పుంటే మామూలు మందులతో తగ్గేదేమో గదా. ఎందుకు చెప్పలేదు?"

మౌలా చెప్పలేక చెప్పలేక, "ఆపరేషన్ అంటారు," అన్నాడు. "చేస్తే ఆ ముక్క నీ బల్ల మీదికే వస్తాదేమోనని."

జమాల్‌బీ నవ్వబోయి ఏడ్చింది. కౌసర్ తండ్రి మోకాలి మీద తల ఆనించింది. చిన్నప్పుడు ఎప్పుడో తప్ప అలా చేయలేదు. మౌలా చెయ్యి ఎత్తి ఆమె తల మీద పెట్టాడు, నొప్పి వచ్చినప్పుడు వేళ్ళు బిగిశాయి.

అసర్ అజాన్ వినపడింది.

కౌసర్ లేచింది. "ఇంకొక్కటి చెప్తా, మంచిగా విను. సంచి అంచు దాకా నిండినాక పొర్లతాది. అప్పుడు చుక్కగా గాదు, దానంతటది కారతాది. బిళ్ళలూ ఆపలేవు, నువ్వూ ఆపలేవు. అది ఎప్పుడయితాదో నేను చెప్పలేను."

"ఎంతసేపు లెద్దూ," అన్నాడు మౌలా. "నడుము వంచే రుకూ లేదు, నేలకు నుదురు ఆనించే సజ్దా లేదు. నిలబడి నాలుగు తక్బీర్లు. నాలుగో తక్బీర్ కాగానే సలాం చెప్పి ముగించేదే. అంతదాకా పొడిగా ఉంటే చాలు. అక్బర్‌కు మాటిచ్చినా."

"సలాం కాగానే ఆటో ఎక్కాల. పూడ్చేదానికి ఖబరుస్తాను దాకా పోనీను."

"ఎక్కతా."

ఆయన ఉతికిన తెల్ల పైజమా, తెల్ల జుబ్బా వేసుకున్నాడు. నల్లది ఏదైనా కట్టుకొమ్మని జమాల్‌బీ అనబోయింది. ఆయన మొహం చూసి మానుకుంది.

అసర్ నమాజు ఎవరో చదివించారు. మౌలా చెప్పుల దగ్గరే నిలబడ్డాడు. వంగినప్పుడల్లా కడుపు కోసుకుపోయింది. అది కాగానే అందరూ పక్క మైదానంలోకి నడిచారు. సరుగుడు తోట అవతల సముద్రం హోరు వినపడుతోంది. భుజాల మీద జనాజా వచ్చింది, పడమటి దిక్కున నేల మీద దించారు. తెల్ల గుడ్డ కింద అక్బర్ చాలా చిన్నగా కనిపించాడు.

వరుసలు కట్టారు. ముందు వరుసకు ముందున్న ఖాళీలో ఒక్కరి చోటు మిగిలింది. అందరి కళ్ళూ మౌలా మీదే. రెండు నెలల తర్వాత ఆయన చెప్పుల దగ్గర నుంచి కదిలి, వరుసల మధ్యగా నడిచి, ఆ చోటులోకి వచ్చి నిలబడ్డాడు. ఎవరో ఊపిరి వదిలిన చప్పుడు వినపడింది. నేరుగా వెనక, ముందు వరుస మధ్యలో, మునీర్ ఉన్నాడు.

"అల్లాహు అక్బర్."

గొంతు ఎప్పటిలాగే పలికింది. మౌలా చేతులు కట్టుకున్నాడు. నొప్పి ఉంది, దాని పక్కనే ఒక తృప్తి కూడా ఉంది. మాట నిలబెట్టుకున్నానురా అక్బర్, అనుకున్నాడు. రెండో తక్బీర్ చెప్పాడు. వెన్నులో చెమట కారుతోంది. మూడో తక్బీర్ చెప్పాడు. చనిపోయినవాడి కోసం దువా చదవాల్సిన చోటు అది. పెదవులు కదిలాయి. అక్బర్ తప్పులు మన్నించమన్నాడు, సమాధిలో చోటు విశాలం చేయమన్నాడు.

అప్పుడు తొడ మీద వెచ్చగా తగిలింది.

చుక్క అనుకున్నాడు. చుక్క కాదు. కౌసర్ చెప్పినట్టే, దానంతటది, ఆపే దారి లేకుండా, మోకాలి దాకా, పిక్క దాకా దిగుతోంది. ఇంక మిగిలింది ఒక్క తక్బీర్, ఒక సలాం. చెప్పేస్తే అయిపోతుంది. వెనక ఉన్నవాళ్ళకు వీపు తప్ప ఏమీ కనిపించదు, జుబ్బా పొడుగ్గానే ఉంది. ఎవరికీ తెలియదు. ఈ వరుసలన్నీ, ఈ ఊరంతా, వజూ లేని మనిషి వెనక నిలబడి అక్బర్‌ను పంపించేశామన్న సంగతి తెలియకుండానే ఇంటికి పోతారు. మౌలాకు ఒక్కడికే తెలుస్తుంది, అక్బర్‌కు తెలుస్తుంది.

ఆయన కుడి చెయ్యి విప్పి వెనక్కి చాచాడు. వేళ్ళకు ఒక చొక్కా చెయ్యి తగిలింది. ఇంకా తడి ఆరలేదు. పట్టుకుని ముందుకు లాగాడు.

ఇమామ్‌కు నమాజు మధ్యలో వజూ పోతే వెనకున్నవాణ్ణి లాగి తన చోట నిలబెట్టి వెళ్ళిపోవాలి. మాట్లాడకూడదు. వెళ్ళేవాడు చేత్తో ముక్కు పట్టుకుని పోవాలి, చూసేవాళ్ళు ముక్కు నుంచి రక్తం కారిందనుకుంటారు, పరువు దక్కుతుంది. ఒకప్పుడు మసీదు వరండాలో పిల్లల్ని కూర్చోబెట్టి మౌలా ఇది ఆటలాగా నేర్పించాడు. మునీర్ అప్పట్లో అందరికన్నా గట్టిగా ముక్కు నొక్కుకుని పరుగెత్తి నవ్వించేవాడు. ఇప్పుడు ఆ పిల్లవాడే తడబడే కాళ్ళతో ఆయన పక్కకు వచ్చి నిలబడ్డాడు. చూపు మౌలా పాదాల మీద పడింది. పైజమా అంచు నుంచి ఇసుకలోకి కారుతోంది. మునీర్ తలెత్తి ఆయన కళ్ళలోకి చూశాడు. రెండు నెలల సంగతి ఒక్క చూపులో అర్థమైపోయింది.

మౌలా పక్కకు తప్పుకుని వరుస చివరి వైపు నడిచాడు. చెయ్యి అలవాటుగా ముక్కు దాకా లేచింది. పట్టుకుంటే చాలు, పాపం పెద్దాయనకు వడదెబ్బ తగిలి ముక్కు నుంచి రక్తం వచ్చిందంటారు. మునీర్‌ను మాత్రం రేపటి నుంచి మళ్ళీ అదే మాట అంటారు, వాడు పక్కన ఉన్నందుకే పెద్దాయన నిలబడలేకపోయాడని. మౌలా చెయ్యి దించేశాడు. జుబ్బా అంచు పైకెత్తి నడుము దగ్గర పట్టుకున్నాడు. తడిసిన తెల్ల పైజమా అందరికీ కనిపించేలా, వరుసల పక్కనుంచి, తొందరపడకుండా, చివరి దాకా నడిచాడు. సిగ్గుతో చెవులు మండిపోయాయి. అయినా తల దించలేదు.

గేటు దగ్గర ఆటోలోంచి కౌసర్ దూకి ఎదురొచ్చింది. "ఎక్కు నాయనా, ఎక్కు," అంటూ భుజం కింద చెయ్యి వేసింది. జకరయ్య ఇంజన్ స్టార్ట్ చేయబోయాడు. మౌలా చెయ్యెత్తి ఆపాడు.

"ఆగు. విననీ."

వెనక మైదానమంతా నిశ్శబ్దంగా ఉంది. తండ్రి శవం ముందు, ఇమామ్ చోటులో, మునీర్ ఒక్కడే నిలబడి ఉన్నాడు. వరుసలన్నీ వాడి నోటి వైపు చూస్తున్నాయి. సముద్రం హోరు వినపడుతోంది. నాలుగో తక్బీర్ మాత్రం ఇంకా వినపడలేదు.